జన్యుశాస్త్రజ్ఞుడు కాగోరేవారు ఏమి చదవాలి?

జీవశాస్త్రం ఒక్కటే చాలదు. లెక్కించే బుద్ధి, చూడగల కన్ను, రసాయనాల భాష, మానవ చరిత్ర: ఈ నాలుగూ కలిసిన చోట ఈ శాస్త్రం పెరిగింది.

1850వ సంవత్సరం. ఆస్ట్రియా సామ్రాజ్యంలోని బ్రున్ పట్టణపు మఠానికి చెందిన ఒక యువ సన్న్యాసి ఉపాధ్యాయ అర్హత పరీక్షకు హాజరైనాడు. అప్పటికే ఒక పాఠశాలలో తాత్కాలికంగా పాఠాలు చెప్పి, మంచి ఉపాధ్యాయుడన్న పేరు తెచ్చుకొన్నవాడు. భౌతికశాస్త్రంలో ఆయన రాసిన జవాబులు పరీక్షకులకు నచ్చాయి. జంతుశాస్త్రంలో, భూగర్భశాస్త్రంలో రాసినవి నచ్చలేదు. అభ్యర్థి ఉత్తీర్ణుడు కాలేదని తేల్చారు.

ఆ అభ్యర్థి పేరు గ్రెగర్ మెండెల్. నేడు ఏ దేశపు జీవశాస్త్ర పాఠ్యపుస్తకం తెరిచినా జన్యుశాస్త్ర పితామహుడుగా ఆయన పేరు కనిపిస్తుంది.

పరీక్ష తప్పడం ఒక విధంగా ఆయనకు మేలే చేసింది. మరికొంత చదువుకొని రమ్మని మఠాధిపతి ఆయనను వియన్నా విశ్వవిద్యాలయానికి పంపాడు. 1851 నుండి 1853 వరకు మెండెల్ అక్కడ చదివాడు. తరంగాల విషయమై తన పేరిట నిలిచిన సూత్రాన్ని ప్రతిపాదించిన క్రిస్టియన్ డాప్లర్ వద్ద భౌతికశాస్త్రం నేర్చాడు. ఎటింగ్స్‌హౌసెన్ అనే ఆచార్యుని వద్ద గణితంతో ముడిపడిన భౌతికం, ఫ్రాంజ్ ఉంగర్ వద్ద వృక్షశాస్త్రం అభ్యసించాడు. మఠానికి తిరిగి వచ్చిన తరువాత, 1856లో, తోటలో బఠాణీ మొక్కలు నాటడం మొదలుపెట్టాడు.

మంచి జన్యుశాస్త్రజ్ఞుడు కావాలంటే ఏమి చదవాలన్న ప్రశ్నకు మొట్టమొదటి జవాబు ఈ పాఠాల జాబితాలోనే ఉన్నది.

తెలుగునాట ఈ ప్రశ్న ఏటా వేసవిలో మరో రూపంలో ఇంటింటా తలెత్తుతుంది. పదవ తరగతి ఫలితాలు వచ్చాయో లేదో, ఎంపీసీయా, బైపీసీయా అన్న చర్చ మొదలవుతుంది. లెక్కలంటే భయపడేవారు ఒక వైపు, కప్పను కోయడమంటే జంకేవారు మరొక వైపు సర్దుకొంటారు. ఆనాటి నుండి చాలామంది విద్యార్థులకు గణితం, జీవశాస్త్రం రెండు వేర్వేరు గదులు. ఒక గదిలో అడుగుపెట్టినవారు రెండవ గది తలుపు మళ్ళీ తట్టరు. జన్యుశాస్త్రం పుట్టింది మాత్రం ఆ రెండు గదుల మధ్య గోడను పడగొట్టినచోట.

లెక్క తోడులేని చూపు

మెండెల్ బఠాణీలు పెంచుతున్న కాలంలోనే ఇంగ్లండులో చార్లెస్ డార్విన్ కూడా మొక్కలను సంకరపరుస్తున్నాడు. స్నాప్‌డ్రాగన్ అనే తోటపూల మొక్కలో రెండు రకాలను ఆయన ఎన్నుకొన్నాడు. ఒకటి సాధారణమైన పూవు. రెండవది రేకులన్నీ సమంగా అమరిన అసాధారణమైన పూవు. రెండింటినీ కలిపితే మొదటి తరంలో అన్నీ సాధారణమైన పూలే పూచాయి. వాటి సంతానంలో 127 మొక్కలు పూతకు వచ్చాయి. అందులో 88 సాధారణమైనవి, 37 అసాధారణమైనవి, 2 మధ్యరకం. డార్విన్ ఈ అంకెలను 1868లో వెలువడిన తన గ్రంథంలో అచ్చువేసి, మరో విషయానికి సాగిపోయాడు.

మెండెల్ చేతిలో అంకెలు అంత సులభంగా సాగిపోలేదు. నున్నని గింజల బఠాణీని, ముడతల గింజల బఠాణీని కలిపితే మొదటి తరంలో అన్నీ నున్ననివే వచ్చాయి. రెండవ తరంలో గింజలను ఏరి లెక్కిస్తే నున్ననివి 5,474, ముడతలవి 1,850. మరో ప్రయోగంలో పసుపు గింజలు 6,022, ఆకుపచ్చవి 2,001. ఏడు లక్షణాలను వేర్వేరుగా పరిశీలించినా సుమారుగా అదే నిష్పత్తి: మూడింటికి ఒకటి.

ఎందుకు మూడింటికి ఒకటి? రెండు నాణేలను ఒకేసారి ఎగరవేస్తే, రెండూ బొరుసుగా పడేది సగటున నాలుగింట ఒకమారు. తక్కిన మూడు మార్లు కనీసం ఒక బొమ్మ అయినా ఉంటుంది. ప్రతి మొక్కలోనూ ఒక్కొక్క లక్షణానికి రెండు కారకాలు ఉన్నాయనీ, సంతానానికి తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటి ఏ పక్షపాతమూ లేకుండా సంక్రమిస్తాయనీ భావిస్తే, ముడతల గింజ రెండు బొరుసులు కలిసినప్పుడే కనిపిస్తుంది. కంటికి కనిపించని ఆ కారకాన్ని మెండెల్ సూక్ష్మదర్శినితో చూడలేదు. లెక్కతో చూశాడు.

ప్రకృతిని డార్విన్ కంటే నిశితంగా గమనించినవారు ఆ శతాబ్దంలో అరుదు. ఆయన చూపులో లోపం లేదు. చూపునకు తోడు కావలసిన లెక్క లేదు. గణితపు మూలసూత్రాలు అర్థమయ్యేంతవరకైనా ఆ శాస్త్రాన్ని చదవలేకపోయానని డార్విన్ తన ఆత్మకథలో విచారం వెలిబుచ్చాడు. బైపీసీ వైపు మొగ్గే ప్రతి విద్యార్థీ ఒక్కసారి తలచుకోవలసిన మాట ఇది.

అయితే కావలసిన గణితం ఏది? ముందుగా సంభావ్యతా సిద్ధాంతం, గణాంకశాస్త్రం. కనిపించిన నిష్పత్తి ప్రకృతి నియమమా, కేవలం యాదృచ్ఛికమా అని తేల్చే విద్య అది. ఇరవయ్యవ శతాబ్దంలో ఆధునిక గణాంకశాస్త్రానికి పునాదులు వేసిన రోనాల్డ్ ఫిషర్ జన్యుశాస్త్రానికి కూడా మూలపురుషులలో ఒకడు. ఆయన కేంబ్రిడ్జిలో చదివింది గణితం. ఆయన శిష్యులలో తెలుగువాడైన కల్యంపూడి రాధాకృష్ణారావు ఒకరు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, కలకత్తాలో గణాంకశాస్త్రం అభ్యసించి, 1946లో కేంబ్రిడ్జికి వెళ్ళిన ఆయనకు ఫిషర్ ప్రయోగశాలలో అప్పగించిన పని ఎలుకలను పెంచి, వాటి జన్యువుల స్థానాలను గుర్తించడం. ఆ గురువు దృష్టిలో కాగితం మీది సమీకరణం, బోనులోని ఎలుక ఒకే ప్రశ్నకు రెండు ముఖాలు.

ఓపిక గల కన్ను

లెక్కించడానికి ముందు ఏది లెక్కించాలో తెలియాలి. అది పుస్తకం నేర్పదు.

న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయంలో టామస్ హంట్ మోర్గన్ ప్రయోగశాలను అందరూ ‘ఈగల గది’ అనేవారు. చిన్న గది, పాలసీసాలలో వేలకొద్దీ పండు ఈగలు, వాటికి మేతగా అరటిపండ్లు. 1910లో అక్కడ ఎర్రకళ్ళ ఈగల మధ్య ఒక తెల్లకళ్ళ ఈగ కంటబడింది. ఆ ఒక్క ఈగ సంతతిని అనుసరించి వెళ్ళి, జన్యువులు క్రోమోసోముల మీద ఉంటాయని మోర్గన్ బృందం రుజువు చేసింది.

ఆ గదిలో ఆల్‌ఫ్రెడ్ స్టర్టివెంట్ అనే కుర్రవాడు ఉండేవాడు. అప్పటికి పట్టభద్రుడు కూడా కాదు. అలబామాలోని పొలం మీద పెరిగిన ఆ అబ్బాయికి గుర్రాల వంశావళులు రాసుకోవడం సరదా. గుర్రాల రంగులు తరతరాలుగా ఎలా వస్తాయో రాసి చూపించగా మోర్గన్ అతనిని చేరదీశాడు. 1911లో ఒక సాయంకాలం గురువుతో మాట్లాడుతుండగా స్టర్టివెంటుకు ఒక ఆలోచన తట్టింది. దండలో పూసల వలె జన్యువులు వరుసగా ఉన్నట్లయితే, దగ్గరగా ఉన్న రెండు పూసలు తరచుగా కలిసే సంక్రమించాలి. దూరంగా ఉన్నవి విడిపోయే అవకాశం ఎక్కువ. విడిపోయే తరచుదనాన్ని లెక్కిస్తే వాటి మధ్య దూరం తెలియాలి. ఆ రాత్రి కళాశాల ఇంటిపని పక్కన పెట్టి కూర్చొని, తెల్లవారేలోగా ఆరు లక్షణాలతో ప్రపంచంలో మొట్టమొదటి జన్యుపటాన్ని గీశాడు. అది 1913లో అచ్చయింది. స్టర్టివెంటు వర్ణాంధుడు. అయినప్పటికీ ఈగల కళ్ళలోని సూక్ష్మభేదాలను గుర్తించడంలో ఆయన జీవితం గడిచింది.

కన్నుకు ఓపిక ఎంత అవసరమో బార్బరా మెక్‌క్లింటాక్ జీవితం చెబుతుంది. ఆమె మొక్కజొన్నను నాటి, సంకరపరచి, కండె ఒలిచి, గింజల మీది మచ్చలను పరిశీలించి, ఆ మచ్చలకు మూలమైన మార్పును సూక్ష్మదర్శిని కింద క్రోమోసోములలో వెదికేది. కొన్ని జన్యుభాగాలు ఉన్నచోట ఉండక స్థానం మార్చుకొంటాయని 1951లో ఒక సభలో చెప్పినప్పుడు సభికుల నుండి వచ్చిన జవాబు మౌనమే. ఆమె తన పొలాన్ని విడిచిపెట్టలేదు. 1983లో, 81వ ఏట, నోబెల్ బహుమతి ఆమెను వెదుక్కొంటూ వచ్చింది.

ఇటువంటి పనికి ధనిక దేశపు ప్రయోగశాల తప్పనిసరి కాదని నిరూపించినవాడు జె. బి. ఎస్. హాల్డేన్. ఆక్స్‌ఫర్డులో గణితం, ఆ తరువాత గ్రీకు, లాటిన్ సాహిత్యాలు, తత్త్వశాస్త్రం చదివినవాడు. విజ్ఞానశాస్త్రంలో ఆయనకు పట్టా లేదు. అయినా జనాభా జన్యుశాస్త్రాన్ని నిర్మించిన ముగ్గురు, నలుగురిలో ఒకడైనాడు. 1957లో ఆయన ఇంగ్లండును విడిచి కలకత్తాలోని భారత గణాంక సంస్థకు వచ్చాడు. తరువాత భువనేశ్వరానికి మారి, 1964లో అక్కడే కన్నుమూశాడు. ఖరీదైన పరికరాలు లేవని వగచే శిష్యులకు ఆయన చూపించింది తోటలను, పొలాలను, పల్లెలను. ఆయన ప్రోత్సాహంతో డేవిస్ అనే శాస్త్రవేత్త కొబ్బరిచెట్లను లెక్కించాడు. కొబ్బరి మట్టలు కొన్ని చెట్లకు ఎడమవైపు తిరుగుతూ, కొన్నింటికి కుడివైపు తిరుగుతూ అమరి ఉంటాయి. ఇది వంశానుగతమా? తల్లిచెట్టు ఏ వైపుదైనా, పిల్లచెట్లలో రెండు రకాలూ సుమారు సగం సగం వచ్చాయి. అనగా, వంశానుగతం కాదు. ‘కాదు’ అన్న జవాబు కూడా విజ్ఞానమే.

అదే బృందంలో తెలుగువాడైన ద్రోణంరాజు కృష్ణారావు ఉండేవాడు. చెవి అంచు మీద పొడుగాటి వెంట్రుకలు మొలిచే లక్షణం తండ్రి నుండి కొడుకుకు దిగుతున్నదని వంశావళులు సేకరించి, పురుషులలో మాత్రమే ఉండే వై క్రోమోసోము మీద దాని జన్యువు ఉండవచ్చునని సూచించిన పరిశోధన ఆయనది. పి. మీరాఖాన్‌తో కలిసి ఆంధ్రప్రదేశ్‌లో మేనరికాలపై చేసిన అధ్యయనం 1963లో వెలువడింది. ఇక్కడ కూడా పనిముట్లు రెండే: ఇంటింటి బాంధవ్యం తెలుసుకొనే ఓర్పు, దానిని అంకెగా మార్చే గణితం. మేనమామను వివాహమాడిన స్త్రీకి పుట్టిన బిడ్డలో ఏ జన్యువును తీసుకొన్నా, దాని రెండు ప్రతులూ ఒకే పూర్వీకుని ఒకే ప్రతి నుండి దిగివచ్చే సంభావ్యత 8లో 1. మేనత్త, మేనమామ బిడ్డల మధ్య వివాహమైతే 16లో 1. ‘మేనరికం మంచిదా, చెడ్డదా’ అన్న వీధి అరుగు వాదాన్ని శాస్త్రం ఇలా కొలవదగిన ప్రశ్నగా మార్చుతుంది.

అణువుల భాష

వంశావళి చెప్పినదంతా చివరిమాట కాదు. చెవి వెంట్రుకల లక్షణం ఉన్న దక్షిణ భారత పురుషుల వై క్రోమోసోములను అణుస్థాయిలో పరిశీలించిన ఒక బృందం, ఆ క్రోమోసోముతో సంబంధానికి ఆధారం కనిపించలేదని 2004లో ప్రకటించింది. నలభై ఏళ్ళు పాఠ్యపుస్తకాలలో నిలిచిన ఉదాహరణ సందేహంలో పడింది. పూర్వపు పరిశోధకులు అశ్రద్ధ చేసినందువల్ల కాదు. వారి కాలానికి ఆ పరికరం లేనందువల్ల. కనుక జన్యుశాస్త్ర విద్యార్థి రసాయన శాస్త్రాన్ని తప్పించుకోలేడు.

ఈ దారి తెరిచినవాడు ఒక వైద్యుడు. గాలి తగిలితే మూత్రం నల్లబడే అరుదైన అవస్థను లండనులో ఆర్చిబాల్డ్ గారడ్ పరిశీలించాడు. అటువంటి బిడ్డల తల్లిదండ్రులలో పలువురు దగ్గరి చుట్టాలని గమనించాడు. ఇది మెండెల్ చెప్పిన రెండు బొరుసుల కథేనని, శరీరంలో ఒక రసాయనిక చర్య ఆగిపోవడమే కారణమని 1902లో సూచించాడు.

తరువాత మెట్టు కొడవలి కణ వ్యాధి. భారతదేశంలో ముఖ్యంగా గిరిజన ప్రాంతాలను పీడించే ఈ వ్యాధిలో ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారానికి వంగి, సన్నని నాళాలలో చిక్కుకొని, భరించరాని నొప్పి పుట్టిస్తాయి. 1949లో లైనస్ పాలింగ్ బృందం దోషం హీమోగ్లోబిన్ అణువులోనే ఉన్నదని చూపింది. 1957లో వెర్నన్ ఇంగ్రమ్ ఆ దోషం ఎంత చిన్నదో తేల్చాడు. 146 అమైనో ఆమ్లాల గొలుసులో ఆరవ స్థానంలో ఒకటి మారిపోయింది, అంతే. డీఎన్‌ఏలో చూస్తే మారింది ఒక్క అక్షరం. ఒక మనిషి జీవితకాలపు బాధకు మూలం ఒక్క అచ్చుతప్పు.

ఆ డీఎన్‌ఏ నిర్మాణాన్ని 1953లో వెల్లడించిన కథలోని వ్యక్తులు వేర్వేరు చదువుల నుండి వచ్చినవారు. జేమ్స్ వాట్సన్ జంతుశాస్త్రం చదివినవాడు. ఫ్రాన్సిస్ క్రిక్, మారిస్ విల్కిన్స్ భౌతికశాస్త్రజ్ఞులు. ఎక్స్‌కిరణ ఛాయాచిత్రాలతో కీలకమైన ఆధారాలు అందించిన రోజలిండ్ ఫ్రాంక్లిన్ భౌతిక రసాయన శాస్త్రంలో నిష్ణాతురాలు. ఒక్కరి విద్య చాలలేదు. 2023లో బ్రిటన్, అమెరికా ప్రభుత్వాలు కొడవలి కణ వ్యాధికి జన్యుసవరణ చికిత్సను ఆమోదించాయి. దానికి వాడిన కత్తెర బాక్టీరియాలు వైరస్‌లను ఎదుర్కొనే పద్ధతిని అధ్యయనం చేసినవారి కృషిఫలం.

నేటి విద్యార్థి మరొక భాష కూడా నేర్వాలి. అది కంప్యూటరు భాష. మెండెల్ 7,324 గింజలను చేత్తో ఏరి లెక్కించగలిగాడు. మనిషి జన్యుసముదాయంలో సుమారు 300 కోట్ల అక్షరాలు ఉన్నాయి. 1990లో ప్రారంభమైన మానవ జీనోమ్ ప్రణాళిక 2003లో ముగిసింది. మిగిలిపోయిన ఖాళీలు 2022 నాటికి గాని పూర్తిగా నిండలేదు. పదివేలమంది భారతీయుల జన్యుసముదాయాలను చదివిన జీనోమ్ ఇండియా సమాచారం 2025లో పరిశోధకులకు అందుబాటులోకి వచ్చింది. ఈ రాశిలో ఏది గింజ, ఏది పొట్టు అని చెరిగి చూపే చేట కంప్యూటరే. కాని చేట పట్టే చేతికి ధాన్యం తెలియాలి. గణాంకశాస్త్రం తెలియకుండా కంప్యూటరును నమ్ముకొన్నవాడు తప్పు జవాబును వేగంగా రాబట్టుకొంటాడు.

చరిత్ర చదవని శాస్త్రం

నాలుగవ పాఠం ఏ విజ్ఞాన కళాశాల ప్రణాళికలోనూ ముందు వరుసలో కనిపించదు. అయినా దానిని విస్మరించినందుకు చెల్లించిన మూల్యం మిక్కిలి ఎక్కువ.

1927లో అమెరికా సర్వోన్నత న్యాయస్థానం ఎదుటకు కేరీ బక్ అనే యువతి కేసు వచ్చింది. ఆమె తల్లి మందమతి, ఆమె మందమతి, ఆమె పసికూన కూడా మందమతి. ఇది వంశంలోనే ఉన్నది. కనుక ఆమెకు బలవంతంగా సంతాన నిరోధ శస్త్రచికిత్స చేయాలి అని వర్జీనియా రాష్ట్రం వాదించింది. బిడ్డకు కొద్ది నెలల వయసప్పుడే ఆమె మీద ఆ ముద్ర వేశారు. న్యాయస్థానం ఒకరు తప్ప తక్కిన ఎనిమిదిమంది న్యాయమూర్తుల సమ్మతితో రాష్ట్రం వాదనను అంగీకరించింది. ఆ బిడ్డ తరువాత బడికి వెళ్ళి, మంచి విద్యార్థుల పట్టికలో పేరు తెచ్చుకొని, ఎనిమిదేళ్ళకే జబ్బుచేసి మరణించింది. ఇటువంటి చట్టాల కింద అమెరికాలో అరవై వేలమందికి పైగా సంతానం కనే హక్కు కోల్పోయారు. 1933లో జర్మనీలో నాజీలు చేసిన చట్టం మరింత ఘోరానికి దారి తీసింది. ‘మందబుద్ధి’ అనే అస్పష్టమైన మాటను బఠాణీ గింజ ముడతతో సమానంగా భావించడం అక్కడి మూలదోషం. లక్షణమేదో నిర్వచించకుండా లెక్కించడం శాస్త్రం కాదు. పేదరికాన్ని రక్తదోషమని పిలవడం అంతకంటే కాదు.

సోవియట్ దేశంలో ప్రమాదం ఎదుటి దిక్కు నుండి వచ్చింది. జన్యువులనే నిరాకరించిన ట్రోఫిం లిసెంకో ప్రభుత్వ ప్రాపకం సంపాదించాడు. లోకమంతా తిరిగి పంటల విత్తనాలు సేకరించిన నికొలాయ్ వావిలోవ్‌ను 1940లో నిర్బంధించారు. మానవజాతి ఆకలి తీర్చడానికి విత్తనాలు కూడబెట్టిన ఆ మహాశాస్త్రవేత్త 1943లో సరాతోవ్ చెరసాలలో ఆకలికి కృశించి మరణించాడు. లెనిన్‌గ్రాడ్ ముట్టడిలో ఆయన సహచరులు కొందరు విత్తన భాండాగారంలో ఉండి కూడా ఆ గింజలను ముట్టకుండా ప్రాణాలు విడిచారు.

చరిత్రతో పాటు మనిషితో మాట్లాడే విద్య కూడా కావాలి. ఒక దంపతులను ఊహించుకోవచ్చు. ఇద్దరూ ఆరోగ్యవంతులే, ఇద్దరిలోనూ కొడవలి కణ జన్యువు ఒక్కొక్క ప్రతి దాగి ఉన్నది. మొదటి బిడ్డకు వ్యాధి వచ్చింది. ‘నలుగురిలో ఒకరికి వస్తుంది’ అని వైద్యుడు చెప్పాడు. ఒకరికి వచ్చేసింది గనుక తక్కిన ముగ్గురూ క్షేమమని ఆ తల్లిదండ్రులు భావిస్తే తప్పెవరిది? నాణేనికి జ్ఞాపకశక్తి లేదు. ప్రతి కాన్పులోనూ అది కొత్తగా పడుతుంది. ప్రతిసారీ నాలుగింట ఒక పాలు అపాయం ఉంటుంది. ఈ మాటను ఆ తల్లికి ఆమె భాషలో, ఆమె తనను తాను నిందించుకోకుండా చెప్పగలిగినప్పుడే లెక్క పూర్తి అయినట్లు. ‘ఆ ఇంటి రక్తంలో దోషమున్నది’ అని ఊరు అనుకొంటే ఆ ఇంటి ఆడపిల్లకు సంబంధం రాదు. జన్యుశాస్త్రజ్ఞుని నోటి నుండి వచ్చే ప్రతి వాక్యం ఒక కుటుంబం మీద పడుతుంది.

ఏ వయసులో ఏమి చదవాలి?

పాఠశాలలో ఉన్న విద్యార్థి గణితాన్ని విడిచిపెట్టకూడదు. పరిస్థితులవల్ల బైపీసీ తీసుకొన్నా, సంభావ్యత, గణాంకాలు, కొద్దిపాటి కలనగణితం స్వయంగా చదువుకోవచ్చు. ఐసర్ సంస్థల ప్రవేశ పరీక్షలో జీవశాస్త్రం, రసాయనం, భౌతికం, గణితం నాలుగూ ఉంటాయి. ఎంపీసీ చదివినవారికి కూడా దారి మూసుకుపోలేదు. క్రిక్ భౌతికశాస్త్రం నుండి జీవశాస్త్రానికి మళ్ళింది ముప్పై ఏళ్ళు దాటిన తరువాతనే.

డిగ్రీ స్థాయిలో వేరులు లోతుగా దిగాలి. మెండెల్ సూత్రాల నుండి మొదలయ్యే శాస్త్రీయ జన్యుశాస్త్రం, కణజీవశాస్త్రం, జీవరసాయనం, అణుజీవశాస్త్రం, పరిణామశాస్త్రం, గణాంకశాస్త్రం, ఒక కంప్యూటరు భాష: ఇవి పునాది రాళ్ళు. సమస్యలు సాధించకుండా జన్యుశాస్త్రం రాదు. పాఠం పదిసార్లు చదవడం కంటే ఒక వంశావళిని ముందు పెట్టుకొని, జన్యువు ఏ దారిన దిగిందో స్వయంగా తేల్చడం మేలు. మెండెల్ 1866లో ప్రచురించిన వ్యాసాన్ని ఉన్నత పాఠశాల గణితం తెలిసినవారెవరైనా చదవవచ్చు. మూలగ్రంథాన్ని చదివే అలవాటుకు అంతకంటే మంచి ప్రారంభం లేదు.

ఆ తరువాత దారులు చీలుతాయి. వైద్యం చదివి వైద్య జన్యుశాస్త్రంలోకి రావచ్చు. వ్యవసాయ పట్టా పొంది మొక్కల ప్రజననం వైపు వెళ్ళవచ్చు. మౌలిక విజ్ఞానంలో ఎం. ఎస్సీ., పీహెచ్.డీ. చేయవచ్చు. దారి ఏదైనా పక్కదారివారితో కలిసి పనిచేసే అలవాటు కావాలి. బాపట్లలో రూపొంది 1986లో విడుదలైన సాంబ మసూరి వరి తెలుగువారి కంచంలో స్థిరపడింది. కాని బాక్టీరియా ఎండాకు తెగులుకు సులభంగా లొంగిపోయేది. హైదరాబాదులోని వరి పరిశోధన సంస్థవారు, సీసీఎంబీ శాస్త్రజ్ఞులు కలిసి, ఆ తెగులును తట్టుకొనే మూడు జన్యువులను అందులో చేర్చారు. ఏ మొక్కలో మూడూ చేరాయో డీఎన్‌ఏ గుర్తుల ద్వారా పరీక్షించి, గింజ నాణ్యత చెడకుండా తరతరాలు ఎంపిక చేసి, 2008లో మెరుగైన సాంబ మసూరిని విడుదల చేశారు. పొలం తెలిసినవారు, అణువు తెలిసినవారు ఒకే గట్టున నిలబడినందువల్ల అది సాధ్యమైంది.

జానకి అమ్మాళ్ జీవితం ఇందుకు మరో సాక్ష్యం. 1897లో తెల్లిచెర్రిలో పుట్టి, మద్రాసులో వృక్షశాస్త్రం చదివి, అమెరికాలోని మిచిగన్ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పొంది, కోయంబత్తూరులో చెరకు సంకరాలపై పనిచేసింది. సాగుమొక్కల క్రోమోసోములపై డార్లింగ్‌టన్‌తో కలిసి 1945లో వెలువరించిన గ్రంథం ప్రపంచ ప్రసిద్ధం. ఆమె క్రోమోసోములను లెక్కించింది. ఆ లెక్కతో మొక్కల చరిత్రను చదివింది.

గ్రెగర్ మెండెల్ 1856లో మరొకసారి ఉపాధ్యాయ పరీక్షకు వెళ్ళాడు. ఈసారి కూడా కృతార్థుడు కాలేదు. పూర్తి అర్హత గల ఉపాధ్యాయుడుగా ఆయన ఎన్నడూ గుర్తింపు పొందలేదు. ఎనిమిదేళ్ళు, సుమారు 28,000 మొక్కలు, లెక్కకు ఎక్కిన ప్రతి గింజ: ఇవే ఆయన చదివిన చదువు. 1884లో ఆయన మరణించిన తరువాత పదహారేళ్ళకు, 1900లో, ముగ్గురు శాస్త్రజ్ఞులు వేర్వేరుగా అదే నియమాన్ని చేరుకొని, తమకంటే ముందే ఒక సన్న్యాసి ఆ దారిన నడిచి వెళ్ళాడని గుర్తించారు.

ఈ వేసవిలో ఏ ఇంటిలోనైనా ఒక బాలిక లెక్కల పుస్తకాన్ని, జీవశాస్త్ర పుస్తకాన్ని చెరొక చేత పట్టుకొని దేనిని విడిచిపెట్టాలా అని ఆలోచిస్తున్నట్లయితే, ఆమెకు మెండెల్ తోట ఇచ్చే సలహా ఒక్కటే. రెండింటినీ ఉంచుకో. పెరటిలో నాలుగు చిక్కుడు గింజలు నాటు. పక్కన ఒక నోటుపుస్తకం పెట్టుకో.